నాలుగు పాటలు, ఒక్క స్టూడియో రోజు: డప్పున్న బ్యాండ్ ఈపీ కేస్ స్టడీ

హైదరాబాద్ బ్యాండ్. ఐదుగురు: పాటలు రాసి పాడే అమ్మాయి, గిటార్, బేస్ గిటార్, డ్రమ్స్, డప్పు. వారమంతా ఎవరి ఉద్యోగం, ఎవరి కాలేజీ వాళ్ళది. ప్రాక్టీసు ఆదివారాలే. చేతిలో 90,000 రూపాయలు, ఆరు పాటలు. వాటితో ఒక ఈపీ, అంటే చిన్న ఆల్బమ్, తేవాలి. మూడు రోజులు స్టూడియో అద్దెకు తీసుకుని అన్నీ అక్కడే కానిచ్చేద్దాం అన్నది వాళ్ళ మొదటి ఆలోచన.

అలా చేసి ఉంటే మూడో రోజు సాయంత్రానికి డబ్బు అయిపోయేది, చేతిలో రెండు పాటలు కూడా పూర్తిగా ఉండేవి కావు. ప్రాక్టీసు గదిలో తేల్చకుండా వదిలేసిన ప్రతి విషయం స్టూడియోలో గంటల లెక్కన బిల్లు అవుతుంది. అందుకే వాళ్ళతో కలిసి కూర్చుని, మూడు రోజుల్ని ఒక్క రోజుకి కుదించి, ఆరు పాటల్ని నాలుగు చేసి, దానికి ముందు ఐదు ఆదివారాలు పెట్టాం. స్టూడియోలో డ్రమ్స్, డప్పు మాత్రమే. మిగతావన్నీ ఇంట్లో.

ఖర్చు ఇలా పడింది. స్టూడియో రోజు 18,000. డ్రమ్ హెడ్లు (దెబ్బ పడే పై పొరలు), తీగలు 9,000. మిక్సింగ్ (విడివిడి రికార్డింగుల్ని ఒక్క పాటగా కలపడం) పాటకి 7,000 చొప్పున 28,000. మాస్టరింగ్ (విడుదలకి ముందు చివరి మెరుగు) 8,000. కవర్ బొమ్మ, ఫొటోలు 8,000. డిస్ట్రిబ్యూషన్ (స్పాటిఫై లాంటి చోట్లకి పాట చేర్చడం) 2,000. ప్రచారం 10,000. మిగిలిన 7,000 ఎవరూ ముట్టుకోకూడని నిల్వ. ఇది ఈ ఒక్క కేసు లెక్క, ఊరి మీద నడిచే రేటు అనుకోవద్దు.

ఐదు ఆదివారాలు

మొదటి ఆదివారం చేసిన పని ఒక్కటే. గది మధ్య స్టూలు మీద ఫోను పెట్టి ఆరు పాటలూ రికార్డు చేయడం, తర్వాత ఎవరూ వాయించకుండా కూర్చుని వినడం. మూడు విషయాలు బయటపడ్డాయి.

ఒకటి, రెండో పాట నిమిషానికి 96 బీట్లతో మొదలై 104 దగ్గర ముగుస్తోంది. వాయించేటప్పుడు అది ఉత్సాహంలా అనిపిస్తుంది. రికార్డులో మాత్రం చివరి చరణంలో పాడే మనిషికి ఊపిరి అందడం లేదని వినిపిస్తుంది.

రెండు, డ్రమ్మర్ కిక్కూ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) డప్పు గట్టి దెబ్బా ఒకే చోట పడుతున్నాయి. ఇద్దరూ ఒకే పని చేస్తుంటే ఇద్దరూ వినపడరు. పల్లవిలో దరువు డప్పుది, కిక్ మొదటి బీటుకి మాత్రమే అని తేల్చాం. చరణంలో తిరగేశాం: డ్రమ్స్ నడిపిస్తాయి, డప్పు నాలుగు బార్లకోసారి (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) జవాబిస్తుంది. మిక్సింగ్‌లో ఎన్ని గంటలు తిప్పినా రాని స్పష్టత ఈ ఒక్క నిర్ణయంతో వచ్చింది.

మూడోది శ్రుతి. పాటలన్నీ గిటార్‌కి సుఖంగా ఉండే ‘ఏ’లో కట్టారు. అంటే మన లెక్కలో ఆరు. గాయని గొంతు ఐదున్నర దగ్గర హాయిగా ఉంటుంది. ఆరులో పై పంచమం అందుకోవడానికి గొంతు బిగుస్తోంది. గిటార్ వేళ్ళ అమరిక మార్చమంటే నెల పడుతుంది. దానికి బదులు గిటార్, బేస్ రెండిటి తీగల్నీ అర స్వరం దించేశాం. పట్టే కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు) అవే, వచ్చే శ్రుతి ఐదున్నర. ఒక జాగ్రత్త: దించితే తీగ వదులై గట్టిగా మీటినప్పుడు స్వరం పైకి ఊగుతుంది. అందుకని గిటార్‌కి 10 గేజ్ బదులు ఇంకాస్త లావైన 11 వేసి, బ్రిడ్జి దగ్గర ఇంటొనేషన్ (తీగ పొడుగునా ఎక్కడ నొక్కినా శ్రుతి కుదరడం) మళ్ళీ సరిచేయించాం. ఇది రికార్డింగ్‌కి రెండు వారాల ముందే జరగాలి.

మిగతా ఆదివారాల్లో పాటకొక కాగితం తయారైంది: టెంపో, శ్రుతి, ఎన్ని బార్లు, ఎక్కడ ఎవరు వాయించరు. ఈ చివరి గడి ముఖ్యం. ఎవరు ఏం వాయించాలన్నది అందరికీ గుర్తుంటుంది, ఎక్కడ ఆగాలన్నదే మర్చిపోతారు. ఆరింటిలో రెండు పాటలు కాగితం మీదకే రాలేదు, ఎందుకంటే వాటి చివర ఎలా ముగుస్తుందో ఎవరికీ తెలియదు. అవి పక్కకి పోయాయి.

క్లిక్కూ దరువూ

డప్పు కళాకారుడు ఎప్పుడూ క్లిక్‌తో, అంటే టెంపో చెప్పే టిక్కు శబ్దంతో, వాయించలేదు. హెడ్‌ఫోన్లో టిక్కు టిక్కు అనగానే చెయ్యి బిగుసుకుపోయింది. పైగా దరువులో దెబ్బల మధ్య దూరం సమానంగా ఉండదు. సిర్ర దెబ్బకీ చిటికెన పుల్ల దెబ్బకీ మధ్య ఉండే ఆ చిన్న వాలే దరువుకి ప్రాణం. కంప్యూటర్ గీతలకి అంటించి దాన్ని చక్కదిద్దితే డ్రమ్ మెషిన్ మిగులుతుంది.

పనికొచ్చిన ఉపాయం ఇది. ఆయన వాయించిన వాటిలోంచి బాగా కుదిరిన నాలుగు బార్లు తీసుకుని, పాట టెంపోకి సరిపడేలా సాగదీసి, మళ్ళీ మళ్ళీ వచ్చేలా లూప్ చేసి, క్లిక్ స్థానంలో అందరి హెడ్‌ఫోన్లలోకీ అదే గైడ్‌గా పంపాం. డ్రమ్మర్ కూడా ఆ వాలుతోనే వాయించాడు కనుక తర్వాత డప్పు విడిగా రికార్డయినా రెండూ కలిసే ఉన్నాయి. ఒక చిక్కు: హెడ్‌ఫోన్లోంచి బయటికి పొక్కిన శబ్దం పాట చివరి నిశ్శబ్దంలో మైకుల్లోకి ఎక్కుతుంది. ఆఖరి రెండు బార్లలో గైడ్ దానంతట అదే ఆగిపోయేలా ముందే పెట్టుకోవాలి.

స్టూడియో రోజు

పొద్దున 9 నుంచి రాత్రి 7 దాకా. డ్రమ్ హెడ్లు ముందు రోజే మార్చాం. కొత్త హెడ్ కొన్ని గంటలు సాగి కుదురుకున్నాక గానీ ట్యూన్ నిలబడదు. మైకులు ఆరు: కిక్, స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్), ఫ్లోర్ టామ్ (నేల మీది పెద్ద డ్రమ్), పైన రెండు ఓవర్‌హెడ్లు, దూరంగా ఒక రూమ్ మైకు. ఓవర్‌హెడ్లు రెండూ స్నేర్ మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. దానికి దారం చాలు. ధ్వని ఒక మిల్లీ సెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. దారం ఒక జానెడు తేడా చూపిస్తే స్నేర్ ఒక పక్కకి ఒరిగి, మోనోలో (ఒకే స్పీకర్లో విన్నప్పుడు) పల్చబడుతుంది. లెవెల్స్ గట్టి దెబ్బకి మైనస్ 12 డీబీ దగ్గర (పై హద్దుకి 12 డెసిబెల్స్ కింద) ఆగేలా పెట్టాం. 24 బిట్ రికార్డింగ్‌లో ఇంకా పైకి తోయాల్సిన అవసరమే లేదు. పాటకి మూడు టేకులు, అంతే. నాలుగోది అడిగే చెయ్యి అప్పటికే అలసిపోయి ఉంటుంది.

మధ్యాహ్నం 2 కల్లా డ్రమ్స్ అయిపోయాయి. అసలు పని అప్పుడు మొదలైంది.

డప్పు ఆరుబయట వాద్యం. ఊరేగింపులో, జాతరలో వీధి చివరి దాకా వినపడాల్సింది. దాన్ని నాలుగు వైపులా ఫోమ్ అంటించిన చిన్న గదిలో పెడితే అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించింది. గదిలోంచి బయటికి తెచ్చి రిసెప్షన్ హాల్లో, గచ్చు నేల మీద నిలబెట్టాం. అక్కడ వెంటనే డప్పు డప్పులా మోగింది. రెండు మీటర్ల దూరంలో పెట్టిన సున్నితమైన కండెన్సర్ మైకే తర్వాత మిక్స్‌లో ముప్పాతిక వంతు శబ్దం ఇచ్చింది.

దగ్గరి మైకులు రెండు, రెండూ గట్టి దెబ్బల్ని తట్టుకునే డైనమిక్ రకం. ఒకటి ముందు వైపు, అడుగు దూరంలో, మధ్యకి కాకుండా అంచు వైపు కాస్త వాల్చి. రెండోది వెనక ఖాళీ వైపు, కింది నుంచి పైకి చూస్తూ. గుమకం అక్కడే ఉంటుంది. చర్మం ముందుకి కదిలినప్పుడు వెనక మైకుకి అది దూరంగా జరిగినట్టే కనక రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వెనక మైకు పోలారిటీ బటన్ (శబ్ద తరంగాన్ని తిరగేసేది) నొక్కి చూడాలి, ఏ స్థితిలో గుమకం ఎక్కువ వస్తే అదే ఉంచాలి. వాయించేవాళ్ళు ఊగుతారు, ఊగనివ్వాలి కూడా. పాదాల చోట నేల మీద టేపు అంటిస్తే సరిపోతుంది.

ఇక తప్పు జరిగింది చర్మం దగ్గర. డప్పుని వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువు తెస్తారు. స్టూడియోలో మంట పెట్టనివ్వరు. బయట ఎండలో కాచిన డప్పు ఏసీ హాల్లోకి వచ్చాక మొదటి టేకులో ‘ఠంగ్’ మన్నది, మూడో టేకుకి ‘దబ్’ మంటోంది. వరసగా వింటుంటే చెవి అలవాటు పడిపోయి ఎవరూ గమనించలేదు. సాయంత్రం ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు మొదటి టేకు పల్లవికి మూడో టేకు చరణం అతకలేదు. రెండు వేర్వేరు వాయిద్యాల్లా ఉన్నాయి. ఒక పాట మళ్ళీ మొదటి నుంచి తీయాల్సి వచ్చి గంటన్నర పోయింది.

ఆ గంటన్నరలో కుదిరిన పద్ధతి: ఏసీ ఆపేయడం. రెండు డప్పులు పెట్టుకోవడం, ఒకటి వాయిస్తుంటే ఒకటి బయట కాగుతూ ఉండటం, ఇరవై నిమిషాలకోసారి మార్చుకోవడం. మొదటి టేకులోని ఒక్క దెబ్బని విడిగా కత్తిరించి ఉంచుకుని, ప్రతి టేకుకి ముందు దాన్ని వినిపించి, చేతిలో ఉన్న డప్పుతో పోల్చడం. ఫైబర్ డప్పు వాడితే ఈ బాధ ఉండదు, వేదిక మీద అది మంచి మాటే. కానీ రికార్డులో దాని మోత పొడిగా, ఒకే రకంగా ఉంటుంది. ఈ పాటలకి అది సరిపోలేదు.

ఇంటి రికార్డింగ్

గిటార్, బేస్ నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి, అంటే వాయిద్యాన్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలోకి. ఆంప్ శబ్దం తర్వాత సాఫ్ట్‌వేర్‌లో. దీని లాభం ధర కాదు; స్వరం నచ్చకపోతే మళ్ళీ వాయించకుండా మార్చుకోవచ్చు. గుయ్యిమనే 50 హెర్ట్జ్ హమ్ వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, తర్వాత గిటార్ పట్టుకుని తొంభై డిగ్రీలు తిరిగి చూడండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీసేయకూడదు, అది ప్రాణాలతో చెలగాటం.

బేస్ ఫైళ్ళు వచ్చినప్పుడు పాట మొదట్లోనే శ్రుతి తప్పింది. వాయించింది సరిగ్గానే. సెషన్ శాంపిల్ రేటు (సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్, ఆ ఇంట్లో ఇంటర్‌ఫేస్ 44.1లో ఉంది. మార్పిడి లేకుండా దాన్ని 48లో పెడితే దాదాపు 8.8 శాతం వేగం పెరుగుతుంది, ఒకటిన్నర అర స్వరాలు పైకి పోతుంది, నాలుగు నిమిషాల పాటలో బేస్ ఇరవై సెకన్లు ముందే ముగిసిపోతుంది. శ్రుతి పైకి పోయి, నిడివి తగ్గితే అనుమానించాల్సింది దీన్నే. సరైన రేటు చెప్పి మార్పిడి చేస్తే చాలు, మళ్ళీ వాయించక్కర్లేదు. ఆ తర్వాత పెట్టుకున్న నియమం: 48, 24 బిట్, ప్రతి ఫైలూ పాట సున్నా నుంచి మొదలవ్వాలి, ఫైలు పేరులో పాట, వాయిద్యం, టేకు నంబరు. ‘ఫైనల్’ అన్న మాట పేర్లలో నిషేధం. ఫైనల్, ఫైనల్ కొత్తది, అసలు ఫైనల్ అని మూడు వచ్చాక పెట్టిన నిషేధం అది.

గొంతూ మాటా

గాత్రం పడకగదిలో. ఫ్యాను బంద్, ఫ్రిజ్ బంద్, రాత్రి 10 తర్వాత; కుక్కర్ విజిళ్ళు, నీళ్ళ ట్యాంకర్లు సద్దుమణిగే వేళ. చాలామంది మైకు వెనక బొంతలు కడతారు. కార్డియాయిడ్ మైకు చూసేది తన ముందు వైపు, అంటే పాడే మనిషి వెనక గోడని. బొంతలు అక్కడ వేలాడాలి. బట్టలు కిక్కిరిసిన అల్మారా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి పాడితే ఇంకా మంచిది.

రోజుకి ఒక పాట, మొదటి నుంచి చివరిదాకా ఐదు టేకులు, తర్వాత ఏరుకోవడం. ఇక్కడ తెలుగు పాటకి ప్రత్యేకంగా వచ్చే సమస్య ఒకటుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ ప్లగిన్నూ దిద్దదు. లఘువు మీద దీర్ఘ స్వరం పడితే మాట మారిపోతుంది. ‘మది’లో మొదటి అక్షరం సాగితే అది ‘మాది’. ‘కల’ సాగితే ‘కాల’, నొక్కితే ‘కల్ల’. మొదటి పాట పల్లవిలో ‘మది’ సరిగ్గా రెండు బీట్ల స్వరం మీద పడింది. రాసినవాళ్ళకి ఇది వినపడదు, మనసులో అసలు మాట ఉంటుంది గనక. అందుకే సాహిత్యం చూడని మనిషిని కూర్చోబెట్టి, వినిపించి, వినపడింది వినపడినట్టు రాయించాం. తప్పు రాసిన చోటల్లా దిద్దాం: సాగదీతని పదం చివరికి జరిపితే చాలా చోట్ల సరిపోయింది, ఒక్కచోట మాటే మార్చాల్సి వచ్చింది.

మిక్స్ గురించి కొంచెమే. డప్పు దెబ్బ పదునూ హల్లుల స్పష్టతా ఒకే చోట, 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య గుద్దుకుంటాయి. గొంతు ఉన్నప్పుడు మాత్రమే డప్పు అక్కడ రెండు మూడు డీబీ తగ్గేలా పెట్టాం. ఫోన్ స్పీకర్లో బేస్ కింది స్వరాలు వినపడనే వినపడవు. కొద్దిగా డిస్టార్షన్ కలిపితే పై హార్మోనిక్స్ (వెంట మోగే పై స్వరాలు) ద్వారా చెవికి తెలుస్తుంది. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్‌కి (లఫ్స్ అంటే చెవికి తోచే శబ్దం బిగ్గర కొలత) సర్దుతుంది కాబట్టి మాస్టర్‌ని చితక్కొట్టి బిగ్గరగా చేయడం వల్ల దెబ్బల పదును పోతుంది తప్ప లాభం లేదు. డప్పున్న పాటలో ఆ నష్టం మొదటి బార్లోనే వినిపిస్తుంది. ట్రూ పీక్ (శబ్దం చేరే అసలు గరిష్ఠం) మైనస్ 1 డీబీ దగ్గర ఆపాం.

అభిప్రాయాలు చెప్పడానికి ఐదుగురున్నారు, ఇంజినీరు ఒక్కరు. వాట్సాప్‌లో ఐదుగురూ విడివిడిగా ‘ఇంకొంచెం పంచ్ కావాలి’ అని పెట్టడం మొదలయ్యాక ఆపేసి, బేస్ వాయించే వ్యక్తికి ఆ పని అప్పగించాం. నిమిషం, సెకను రాసి, ఏం వినపడుతోందో రాసి, ఒకే జాబితా. మూడు విడతలు. ఒకరు పెంచమని, ఒకరు తగ్గించమని అంటే అది ఇంజినీరు దాకా రాకూడదు.

కాగితం

వాటాల మాట మిక్సింగ్‌కి ముందే తేలింది, అదీ కొంత గొడవతో. హక్కులు రెండు రకాలు: పాట రచన ఒకటి, రికార్డింగ్ ఒకటి. రచనలో సాహిత్యానికి సగం, సంగీతానికి సగం. సాహిత్యం మొత్తం గాయనిది. సంగీతం వాటా పాటని బట్టి. డప్పు కళాకారుణ్ని రోజు కూలీ ఇచ్చి పంపే అతిథిగా లెక్కేయడం చాలా బ్యాండ్లలో అలవాటు. ఇక్కడ రెండు పాటలు ఆయన దరువు మీద పుట్టినవే, ఆ దరువు తీసేస్తే ట్యూన్ నిలబడదు. ఆ రెండింట్లో ఆయనకి సంగీతంలో వాటా రాశారు. అది దయ కాదు, లెక్క.

రికార్డింగ్ హక్కు ఐదుగురికీ సమానం, కానీ పెట్టిన ఖర్చు తిరిగొచ్చాకే. గిటారిస్ట్ ఎక్కువ పెట్టిన డబ్బు వాటా కాదు, అప్పు. బ్యాండ్ విడిచి వెళ్ళిన మనిషికి పాత పాటల వాటా ఉంటుంది, బ్యాండ్ పేరు మీద హక్కు ఉండదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని తీసుకుంటారు. ఎవరైనా లేబుల్ కాగితం పంపితే ముందు ఈ రెండు గడులు వెతకండి. రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో చేరేది బ్యాండు కాదు, పాట రాసిన, కట్టిన మనుషులు ఎవరికి వారు.

విడుదల

నాలుగు పాటలూ ఒకే రోజు వదలలేదు. స్పాటిఫై ప్లేలిస్టు ఎడిటర్లకి విడుదల కాని పాటని ఒకసారికి ఒక్కటే పంపగలం, కనీసం 7 రోజుల ముందు. డిస్ట్రిబ్యూటర్‌కి ఫైళ్ళు నాలుగు వారాల ముందు వెళ్ళాయి. ఐదు వారాలకొక పాట. రెండో పాటతో పాటు మొదటిదీ, మూడో దానితో మొదటి రెండూ మళ్ళీ ఎక్కించాం. పాత పాటలకి అదే ఆడియో, అదే ఐఎస్ఆర్‌సీ (ఒక్కో రికార్డింగ్‌కి ఉండే గుర్తింపు) సంఖ్య ఇస్తే వాటి ప్లే లెక్కలు అలాగే కొనసాగుతాయి. ఒక్క అక్షరం మారినా కొత్త పాట కింద సున్నా నుంచి మొదలయ్యే ప్రమాదం ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు లేని పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు, కాబట్టి ఆరు పాటలు పల్చగా పరచడం కన్నా నాలుగు గట్టిగా నిలబెట్టడం నయం. డబ్బిస్తే స్ట్రీములు పెంచుతామనేవాళ్ళ జోలికి పోకండి. దొంగ స్ట్రీములు బయటపడితే పాటే తీసేయవచ్చు.

బ్యాండ్ పేరు రోమన్ లిపిలో ఎలా రాయాలో ఒక్కసారి తేల్చి, ఎక్కడైనా అదే వాడాలి. మొదటి పాట ఒక అక్షరం తేడాతో వెళ్ళి వేరే ఆర్టిస్ట్ పేజీలో తేలింది, సరిచేయించడానికి రోజులు పట్టాయి. భాష గడిలో తెలుగు అని ఉందో లేదో చూసుకోవాలి, సాహిత్యం తెలుగు లిపిలోనే ఇవ్వాలి.

చిన్న వీడియోలకి విడిగా షూటింగ్ ఖర్చు పెట్టలేదు. స్టూడియో రోజే రెండు ఫోన్లు నిలబెట్టాం. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ట్యూబ్‌లైట్ల కింద షటర్ 1/50 లేదా 1/100 పెట్టకపోతే చిత్రం మినుకుమంటుంది. అందరూ గైడ్‌కే వాయించారు కాబట్టి ఏ టేకు వీడియో అయినా పాటకి అతుకుతుంది. డప్పు కాచే దృశ్యం అన్నిటికన్నా ఎక్కువమంది చూశారు, సంగీతం వినకుండా. పూర్తి వీడియో శనివారం రాత్రి 8:30కి పెట్టాం. డల్లాస్ తెలుగువాళ్ళకి అప్పుడు వేసవిలో పొద్దున 10 గంటలు.

వేదికల కోసం ఒక పేజీ: నాలుగు వాక్యాల పరిచయం, రెండు లైవ్ వీడియోల లింకులు, ఎవరు ఎక్కడ నిలబడతారో బొమ్మ, ఎన్ని ఛానెళ్ళు (మైకు లైన్లు) కావాలో జాబితా. బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్ లాంటి చిన్న చోట డప్పుకి మైకే అక్కర్లేదు. గాయని వెనక మాత్రం నిలబెట్టకూడదు. అక్కడుంటే గొంతు మైకులోకి నేరుగా ఎక్కేది డప్పే. పక్కకి, ఆమె కంటే అడుగు ముందుకి.

నాలుగో పాట

నాలుగో పాట పల్లవిలో రెండు పంక్తులు ‘జానపదం’ అనుకుని వాడుకున్నారు. జానపదం అని అందరూ పాడే వాటిలో కవి తెలిసినవీ ఉంటాయి. నిజంగా పాతవే అయినా, వాటిని ముందే రికార్డు చేసిన లేబుల్ నుంచి యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (పాటని దానంతట అదే గుర్తుపట్టే ఏర్పాటు) క్లెయిమ్ రావచ్చు. ఆ రెండు పంక్తుల మూలం ఎంత వెతికినా తేలలేదు. తేలని దాన్ని కాగితం మీద ‘సంప్రదాయం’ అని రాసి సంతకం పెట్టడానికి గాయని ఒప్పుకోలేదు. అదే నయమైంది, ఆ పంక్తులు తీసేసి తనే కొత్తవి రాసింది.

పాడాల్సింది ఎనిమిది బార్లే. అదే గది, అదే మైకు, అదే అల్మారా. అయినా కొత్త ముక్క పాత దానిలో కలవలేదు, గొంతు ఒక్కసారి దగ్గరికి వచ్చి మళ్ళీ దూరం జరిగినట్టుంది. మొదటిసారి మైకు నుంచి నోటికి ఎంత దూరమో ఎవరూ రాసి పెట్టలేదు. జానెడు, అరజానెడు, బెత్తెడు అని కొలుచుకుంటూ పాత టేకుతో పోల్చుకుంటూ పోతే, జానెడుకి రెండు వేళ్ళు తక్కువ దగ్గర కుదిరింది. ఎనిమిది బార్లకి రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు పాట కాగితంలో ఆ కొలతకి కూడా ఒక గడి ఉంది.